గట్టు తరిగింది

మా పెద్దమావయ్య ఈ మాఘమాసంలో కాలం చేశారు. పెద్దకర్మకు ఊరు వెళ్ళినప్పుడు, భోజనాలు ముగిసి విస్తళ్ళు ఎత్తిన తరువాత వసారాలో చేరిన వృద్ధులు ఆయన పొలం సంగతిగాని, ఒకప్పటి మునసబుగిరీ సంగతిగాని ఎత్తలేదు. ఆయన ఏ తగవులో ఏ మాట అన్నారో ఒకరికొకరు అందించుకుంటూ చెప్పుకున్నారు. దశాబ్దాల కిందటి మాటలు వారి నోట పొల్లుపోకుండా వస్తూ ఉంటే వింటూ కూర్చున్నాను. వాటిలో కొన్ని నేను చిన్నప్పుడు చెవులారా విన్నవే. ఆ తరువాత హైదరాబాదులో ఒక దినపత్రిక డెస్కులో నా ఉద్యోగ జీవితమంతా మాటలు దిద్దుతూనే గడిచింది. అక్కడ నేను విన్న వాదాలన్నిటికీ మొదలు మావయ్య వసారాలోనే ఉందని నా నమ్మకం. మరచిపోకముందే వాటిని రాసిపెట్టాలనిపించింది.

* * *

మా ఊరు కృష్ణా డెల్టాలో బందరు కాలువ కింద ఉంటుంది. నాన్నగారిది బదిలీల ఉద్యోగం కావడంతో, చదువు చెడకూడదని నన్ను మావయ్య ఇంట్లో ఉంచారు. తెల్లవారుజామున నూతి గిలక కిర్రుమనేది. దాని వెంట అత్తయ్య కవ్వం చప్పుడు వినిపించేది. కాసేపటికి తలారి వచ్చి కర్ర నేలకు తాటించి, "అయ్యగారూ" అని పిలిచేవాడు. మునసబుగా మావయ్య శిస్తు వసూలు చేసేవారు, జనన మరణాల పుస్తకం రాసేవారు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసినప్పుడు దస్త్రాలన్నీ ఇల్లు దాటి వెళ్ళిపోయాయి గాని, తగవులు మాత్రం ఆయన గుమ్మం వదలలేదు.

ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్ళు వదిలారన్న కబురు రాగానే, నాట్ల హడావిడితో పాటే తగవుల కాలం కూడా మొదలయ్యేది. తూము దగ్గర వంతు తగవులు, బోదె కట్టేశారన్న తగవులు ఎప్పుడూ ఉండేవే. అన్నిటికంటే మొండిది గట్టు తగవు. గట్టు మీద గడ్డి చెక్కే నెపంతో ఏటా ఇన్ని వేళ్ళ మందం పారతో లోపలికి కోసుకుంటూ పోతే, కొన్నేళ్ళకు ఒకరి మడి పెరుగుతుంది, పక్కవారి మడి తరుగుతుంది.

అటువంటి తగవుతో ఒక ఉదయం ఇద్దరు రైతులు వచ్చారు. "వాడు నా గట్టు చెక్కేశాడు మునసబుగారూ" అన్నాడు మొదటివాడు. "నేను చెక్కానన్న మగాడెవడు?" అని లేచాడు రెండవవాడు. అప్పటికే వారి ఇళ్ళ ఆడవాళ్ళు ఒకే బావిలో నీళ్ళు తోడుకోవడం మానేశారు. మావయ్య ఇద్దరికీ మజ్జిగ ఇప్పించి, వారు తాగేదాకా ఏమీ మాట్లాడలేదు. తరువాత కండువా భుజాన వేసుకుని, "గట్టు తరిగినట్టుంది. ఎంత తరిగిందో చూద్దాం పదండి" అన్నారు.

పిల్లలం వెనకాలే వెళ్ళాము. ఆ గట్టు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఒక వైపు గరిక దట్టంగా అల్లుకుని, మట్టి పాతబడి, ఎండ్రకాయల బొరియలతో ఉంది. రెండవ వైపు మాత్రం నల్లరేగడి తడితడిగా మెరుస్తూ, పార దిగిన ప్రతి చోటా నున్నటి పలకలా తెగి కనిపిస్తోంది. ఎవరు చెక్కారో చెప్పడానికి సాక్షి అవసరం లేదు. అక్కడ చేరిన వారందరూ చూశారు, ఒక్కరూ నోరు మెదపలేదు. మావయ్య గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వచ్చి, "తరిగిన మేర మళ్ళీ వేయించాలి. మట్టి ఎటునుంచి తీద్దాం?" అని అడిగారు. రెండవ రైతు చాలాసేపు కాళ్ళ కింద నేల చూసి, "నా వైపు నుంచి తీయండి" అన్నాడు. అంతటితో తగవు తీరింది. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి మట్టి వేశారు.

ఇంటికి వస్తూ, "చెక్కింది ఆయనే కదా మావయ్యా, ఆ మాట అనలేదేం?" అని అడిగాను. "చెక్కావు అంటే చెక్కలేదు అనాలమ్మాయ్, ఇక అతనికి వేరే దారి లేదు. తరిగింది అంటే ఇద్దరూ గట్టు వైపు చూస్తారు" అన్నారు.

తెలుగులో ఈ సదుపాయం పుట్టుకతోనే ఉంది. గ్లాసు పగిలింది అనవచ్చు, పగలగొట్టాడు అనవచ్చు. తాడు తెగింది, తెంపాడు. డబ్బు పోయింది, పోగొట్టాడు. జరిగినది ఒకటే అయినా, మొదటి మాటలో చేసినవాడికి చోటు లేదు, రెండవ మాట వాడిని పట్టుకుని నిలబెడుతుంది. గొడవ మొదలయ్యేది చాలాసార్లు ఈ రెండింటిలో ఏది ముందు నోట వచ్చిందన్న దాని మీదనే. మావయ్య ఏ వ్యాకరణమూ చదువుకోలేదు. ఎవరు ఏ క్రియతో వచ్చారో మాత్రం ఆయన చెవికి ముందుగా పట్టేది.

* * *

ఆయన పట్టించుకునే ఇంకొక అక్షరం 'ట'. "నన్ను దొంగ అన్నాడట" అని ఎవరైనా వస్తే ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ, "అన్నాడా, అన్నాడటా?" అనే. అడిగే గొంతులో గద్దింపు ఉండేది కాదు. వచ్చినవాడు మాత్రం అక్కడ ఆగి, తాను విన్నదేదో, తనదాకా వచ్చిందేదో విడదీసుకోవలసి వచ్చేది.

ఒకసారి ఒక అత్తగారు కోడలి మీద ఫిర్యాదు తెచ్చింది. కోడలు పుట్టింటికి బియ్యం చేరవేస్తోందట. మావయ్య ఆ 'ట'ను పట్టుకుని ఇల్లిల్లూ వెనక్కి నడిచారు. ఈమెకు చెప్పినామె ఇంకొకరి దగ్గర విన్నది, ఆమె మరొకరి దగ్గర విన్నది. చివరికి తేలినదేమంటే, రేవు దగ్గర ఒక ముసలామె కోడలి తమ్ముడి సైకిలు మీద బస్తా చూసి, "ఆ బస్తా ఎవరిదే?" అని అడిగింది. ఆమె అన్నది అంతే. ఆ ప్రశ్న నాలుగు గుమ్మాలు దాటేసరికి నేరమైంది. అందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రతివారూ 'ట' చేర్చే చెప్పారు, వినేవారే దాన్ని రాల్చుకున్నారు.

ఆడవాళ్ళ తగవుల తీరు వేరు, అవి అత్తయ్య పాలు. అక్కడ పేర్లు ఉండవు. "కొందరికి" అనీ "ఎవరో" అనీ గేదెకు కుడితి పెడుతూ గేదెతోనే మాట్లాడినట్టు మాట్లాడతారు, తగలవలసిన వారికి తగులుతుంది. ఎదురు చెబితే, "నిన్నన్నానా?" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అత్తయ్య అటువంటి మాట వినపడగానే చేతిలో పని ఆపి, మెత్తగా, "ఎవరి గురించి వదినా?" అని అడిగేది. ఎంతో మర్యాదగా అడిగిన ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పేరు చెప్పాలి, పేరు చెప్పడం ఇష్టం లేకపోతే మాట మానాలి. మావయ్య పేర్లు దాచి శాంతి చేసేవారు, అత్తయ్య పేర్లు అడిగి శాంతి చేసేది. ఈ రెండు పద్ధతులూ ఒకే ఇంట్లో చూడడం నా అదృష్టం.

* * *

మంచి మాట ఎప్పుడూ మంచికే పనికివస్తుందని చెప్పలేను. ఒక ఏడాది నాట్లకు కూలి పెంచమని ముఠా మేస్త్రి అయిన ఒక ఆవిడ తన వాళ్ళతో మా ఇంటి ముందుకు వచ్చింది. ఊరి రైతులు కొందరు అక్కడే కూర్చుని ఉన్నారు. వారిలో పెద్ద రైతు ఒకాయన ఎంతో ప్రేమగా, "మనలో మనకు బేరాలేమిటే? మీరు మన ఇంటి మనుషులు" అన్నారు.

మనం, మేము అన్న తేడా మన భాషలో ఎంత బలమైనదో ఆ రోజు చూశాను. 'మన' అన్నప్పుడు అవతలివాడు కూడా లోపలికి వచ్చేస్తాడు. వచ్చాక అడగడానికి అతనికి చోటు ఉండదు, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళను కూలి అడగరు. మేస్త్రి తల ఎత్తి, "మన ఇంటి మనుషులమైతే మమ్మల్ని మెట్టు కింద ఎందుకు నిలబెట్టారండీ? మాకు ఇంత కావాలి, మీరు ఇంత ఇస్తామంటున్నారు. ఆ సంగతి మాట్లాడండి" అంది. 'మాకు', 'మీరు' అన్న రెండు మాటలను ఆమె విడివిడిగా, నొక్కి పలికింది.

ఆ పెద్ద రైతుకు కోపం వచ్చింది. మావయ్య మాత్రం, "ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పండి" అన్నారు. కూలి పెరిగింది, అడిగినంత కాకపోయినా పెరిగింది. ఆ రోజుల్లో మా ఈడు పిల్లలు కూడా తాతల వయసున్న పాలేళ్ళను "ఏరా" అని పిలిచేవారు, వారు తిరిగి "బాబుగారూ" అనేవారు. "ఏరా" అనిపించుకున్న నోటితో ఎవరైనా సమానంగా వాదించడం ఎంత కష్టమో ఇప్పుడు తలుచుకుంటే, ఆ మేస్త్రి ధైర్యం నాకు మరింత పెద్దదిగా కనిపిస్తుంది. ఆవిడ మాటలను పెద్దకర్మ నాడు వసారాలో ఎవరూ తలుచుకోలేదు. తలుచుకోవలసినవని నేను అనుకుంటున్నాను.

* * *

డెస్కులో చేరిన కొత్తలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది చప్పుడే. టెలిప్రింటర్లు రాత్రంతా టకటకలాడుతూ పీటీఐ, యూఎన్ఐ వార్తాసంస్థలు పంపే వార్తలను ఇంగ్లీషులో చుట్టలు చుట్టలుగా వదిలేవి. వాటిని చించి, బల్లల మీద పంచి, కోసిన న్యూస్‌ప్రింటు ముక్కల మీద బాల్‌పెన్నుతో తెలుగు చేసేవాళ్ళం. మా చీఫ్ సబ్ ఎడిటర్ గారు కాపీ, అంటే మేము రాసిన వార్త, చదివేటప్పుడు పెన్ను కాగితానికి తాకకుండా గాలిలో కదిలేది. ఎక్కడ ఆగితే అక్కడ ఏదో ఉన్నదని మాకు అర్థమయ్యేది.

ఒక రాత్రి ఒక కాపీలో, "కాల్పులు జరిగాయి, ఇద్దరు మరణించారు" అని ఉంది. పెన్ను ఆగింది. "కాల్పులు వాటంతట అవే జరగవు. ఎవరు జరిపారు?" అని అడిగారు. పోలీసులు జరిపారని కాపీ చివరలో ఉంది. "అయితే మొదటి వాక్యంలోనే రాయండి" అన్నారు. మావయ్య దగ్గర పెరిగిన నాకు ఇది వింతగా తోచింది. చేసినవాడిని వాక్యంలోంచి తప్పించడం ఆయన దృష్టిలో మర్యాద, ఈయన దృష్టిలో అది పక్షపాతం. క్రమంగా తెలిసింది, ఇద్దరిలో ఎవరి మాటా పొల్లు కాదు. ఇరుగు పొరుగు ఇద్దరూ రేపు మళ్ళీ ఒకే తూము నీళ్ళు పంచుకోవలసినవారు, పైగా చేసినవాడు ఎదురుగానే నిలబడి గట్టు చూస్తున్నాడు. పత్రిక చదివేవాడికి ఆ గట్టు కనిపించదు. అతనికి ఉన్నది వాక్యం ఒక్కటే. అందులో చోటు దొరకనివాడు అతని లెక్కలో అసలు లేనట్టే.

ఎదురుకాల్పులు అన్న మాట మీద కూడా ఇదే పట్టుదల ఉండేది. ఎదురు అన్నామంటే ఇరువైపుల నుంచీ కాల్చారని మనమే తీర్పు చెప్పినట్టు. అందుకని "పోలీసుల కథనం ప్రకారం" అన్న మాట లేకుండా ఆ కాపీ బల్ల దాటేది కాదు. వసారాలోని 'ట'యే ఇక్కడ ఇంత పొడుగు మాటగా వచ్చింది.

* * *

ఆ రోజుల్లో దాదాపు ఏ వారమూ తప్పకుండా వచ్చే వార్త ఒకటి ఉండేది: "కిరసనాయిలు స్టౌ పేలి గృహిణి మృతి". విలేకరులు పోలీసు స్టేషను నుంచి తెచ్చిన నాలుగు వాక్యాలు అవి. స్టౌ పేలింది, చీరకు మంటలు అంటుకున్నాయి, ఆసుపత్రిలో మరణించింది. అన్నీ తమంతట తాము జరిగిన పనులే. ఎందరు ఆడపిల్లలు ఆ వాక్యాలలోంచి వెళ్ళిపోయారో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. స్టౌలు కోడళ్ళ చేతుల్లోనే ఎందుకు పేలుతున్నాయని స్త్రీల సంఘాలు వీధుల్లో అడుగుతున్న కాలమది.

మా చీఫ్ సబ్ గారు ఆ వార్తలకు ఒక పద్ధతి పెట్టారు. "స్టౌ పేలిందని భర్త పోలీసులకు చెప్పారు" అని రాయాలి. పెళ్ళయి ఎన్నేళ్ళయిందో రాయాలి. పుట్టింటివారు ఏమంటున్నారో కనుక్కుని, అది కూడా రాయాలి. ఇంతకు మించి ఒక్క మాట పెంచకూడదు. శిక్షాస్మృతిలోకి 1983లో భార్య పట్ల భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని నేరమన్న 498-ఏ, 1986లో 304-బి సెక్షన్లు వచ్చాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు కాలిన గాయాలతోనో, అసహజంగానో స్త్రీ మరణించి, అంతకు కొద్దికాలం ముందు కట్నం కోసం ఆమెను హింసించినట్టు తేలితే, అది వరకట్న మరణమని ఆ రెండవ సెక్షను చెప్పింది. అంతవరకు ప్రమాదాల పేజీలో పడుతున్న వార్త ఆ పేరుతో నేరాల పేజీకి మారింది. ఇళ్ళల్లో జరిగే వాదాలు కూడా మారాయి. "పాపం, స్టౌ పేలిందట" అన్నచోట, "కట్నం సంగతేమిటి?" అన్న ప్రశ్న వినిపించసాగింది. మా బంధువుల ఇంట్లోనే ఒక సంబంధం మాట్లాడుతున్నప్పుడు ఒక పెద్దావిడ ఆ ప్రశ్నను అందరి ముందూ అడగడం నేను విన్నాను.

మానభంగం అన్న మాటను కాపీలలోంచి తీసేయడానికి మాత్రం చాలాకాలం పట్టింది. డెస్కులో ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళం ఆ మాట కనిపించిన ప్రతిసారీ కొట్టి అత్యాచారం అని రాసేవాళ్ళం. పాఠకులకు అలవాటైన మాట మార్చడం ఎందుకని కొందరు సహోద్యోగులు వాదించేవారు. దౌర్జన్యం చేసినవాడి గురించి ఏమీ చెప్పకుండా, భంగపడింది ఆమె మానమని చెప్పే మాట ఎంత అలవాటైనా అన్యాయమైనదే. ఆ విషయంలో నేను ఇప్పటికీ ఒక్క మెట్టు దిగను.

* * *

2009 డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామన్న కేంద్ర హోంమంత్రి ప్రకటన వచ్చినప్పుడు మా డెస్కులో రెండు ప్రాంతాల వారమూ ఉన్నాము. అప్పటి నుంచి 2014 జూన్ 2 దాకా మేము తిన్న మధ్యాహ్న భోజనాలన్నీ వాదాలతోనే సాగాయి. గిన్నెలు మధ్యలో పెట్టి పంచుకోవడం మాత్రం మానలేదు.

నల్లగొండ నుంచి వచ్చిన ఒక తమ్ముడు నా పక్క బల్ల. నేను విభజన అంటే అతను చెయ్యి ఆపేవాడు. "మీరు విభజన అంటుంటే, మీ ఇంట్ల వస్తువును మేం ఎత్తుకపోయినట్టు వినిపిస్తదక్కా. మాకు రాష్ట్రం ఏర్పడ్తున్నది" అనేవాడు. హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మా బంధువుల పిల్లలను సెటిలర్లు అంటే వారికి ఎలా ఉంటుందో నేను చెప్పేదాన్ని. అతను విని, ఆ మాట నా ఎదుట ఎప్పుడూ వాడలేదు. పార్లమెంటు చేసిన చట్టం పేరు పునర్వ్యవస్థీకరణ చట్టం. ఆ పొడుగు మాట ఎవరి నోటా నిలవలేదు. ఇప్పుడు రెండు రాష్ట్రాలవారూ దాన్ని విభజన చట్టమనే అంటారు. జూన్ 2 మాత్రం కలవలేదు. తెలంగాణలో అది ఆవిర్భావ దినోత్సవం. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళు అదే రోజున నవనిర్మాణ దీక్ష చేశారు.

ఒక్క రోజుకు ఎన్ని పేర్లు ఉంటాయో అతని వల్లనే బాగా తెలిసింది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. దాన్ని ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, మరొకరు విద్రోహం అంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది, 2023 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవమంది. సైన్యం చేసిన పనికి ఆనాడు ప్రభుత్వం పెట్టిన పేరు పోలీసు చర్య. "మా నాయనమ్మ అయితే పోలీస్ యాక్షన్ అయినంక, పోలీస్ యాక్షన్ కాకముందు, ఇంతే చెప్పేది. పెళ్ళిళ్ళు, కాన్పులు అన్నీ దాంతోనే లెక్క" అనేవాడు అతను.

రాష్ట్రం వచ్చిన తరువాత ఇచ్చింది ఎవరు, తెచ్చింది ఎవరు అన్న వాదం పార్టీల మధ్య మొదలైంది. ఆ రోజుల్లోనే ఒకసారి మావయ్యకు ఫోన్ చేసినప్పుడు, ఊళ్ళో అందరూ "విడగొట్టారు" అంటున్నారనీ, తాను మాత్రం "విడిపోయాం" అని చెబుతున్నాననీ అన్నారు. చేసినవాడిని పక్కన పెట్టే ఆయన పాత పద్ధతే అది. మరునాడు భోజనాల దగ్గర ఈ మాట చెప్పాను. అతను ముద్ద కలపడం ఆపి, "పెద్దాయన మంచి మనసుతోనే అన్నడక్కా. కానీ మేం ఒప్పుకోం. విడిపోలేదు, సాధించుకున్నం. మా పిల్లలు పానాలు ఇడిసిన్రు. చేసినోళ్ళను తీసేసి చెప్పొద్దు" అన్నాడు.

ఆ మాట మావయ్యకు అందించాను. ఆయన కాసేపు ఆలోచించి, "అతన్ని సంక్రాంతికి తీసుకురా" అన్నారు. అతను వచ్చాడు. కనుమ నాడు ఇద్దరూ గారెలు తింటూ మొదలుపెట్టి, పొద్దువాలేదాకా అదే మాట మీద కూర్చున్నారు. "సాధించుకున్నాం అంటే మరి మా దగ్గర నుంచి గెలుచుకున్నారనా?" అని ఆయన అడిగారు. "మీ దగ్గరి నుంచి కాదు, ఢిల్లీ నుంచి" అన్నాడు అతను. "అయితే ఆ ముక్క కూడా కలిపి చెప్పు" అన్నారు మావయ్య. కలిపితే వాక్యం పొడుగైపోతుందని అతను, పొడుగైనా ఫరవాలేదని ఆయన. ఆ సంగతి ఎటూ తేలలేదు. తిరుగు ప్రయాణంలో గుడివాడ దాటేదాకా అతను నాతో ఆ వాక్యాన్నే రకరకాలుగా అల్లి చూపిస్తూ వచ్చాడు.